ఇనుముకు భయపడని మరక

ఆ బుధవారం ఉదయం పోశయ్య మూడే మూడు పనులు అనుకుని నిద్ర లేచాడు. ఈతకొలను అడుగు బ్రష్షుతో తుడవడం, రెండు మగ్గుల క్లోరిన్ కలపడం, మేనేజరు హయాత్ బాషా చేతిలోంచి తన పాస్‌పోర్టు అందుకోవడం. మొదటి రెండూ సవ్యంగా ముగిస్తే మూడవది దానంతట అదే జరుగుతుందని అతని నమ్మకం. శనివారం షార్జా నుంచి బొంబాయికి విమానం. అక్కడి నుంచి రైలు, బస్సు, చివర రెండు మైళ్ల నడక. నాలుగేళ్ల రెండు నెలల తర్వాత ఇల్లు.

ఆ ఇంట్లో అతను ఇంతవరకు చూడని మనిషి ఒకతె ఉంది. అతను దుబాయ్ బయల్దేరిన మూడు నెలలకు పుట్టిన కూతురు. దుబాయ్ అనడం మాటవరసకే. అతనుండేది తూర్పు తీరాన కల్బాలో, వీసా ఇచ్చి పాస్‌పోర్టు తన దగ్గరుంచుకునే అరబ్బు యజమాని, అంటే కఫీల్, శుక్రవారాలు గడపడానికి కట్టించుకున్న విల్లాలో. జగిత్యాల పక్క పల్లెలో బావులు తవ్విన పోశయ్యకు అక్షరాలు రావు. అందువల్ల మాటలు క్యాసెట్లలో నింపి, ఊరికి వెళ్లేవాళ్ల చేతికిచ్చి పంపేవాడు. భార్య బాలవ్వ కూడా క్యాసెట్టులోనే జవాబిచ్చేది. కిందటి నెల వచ్చిన క్యాసెట్టులో ఆమె గొంతు ఇలా అంది:

“పిల్ల టేప్‌రికార్డర్‌నే బాపు అంటాంది. మొన్న దాని నోట్లె బువ్వ వెట్టింది. అప్పటి సంది నీ గొంతు గురగుర అంటాంది. జెల్ది రా. లేకుంటె రేపు నీళ్లు గూడ తాపుతది.”

ఆ నాలుగు మాటలూ పోశయ్య ఎన్నిసార్లు విన్నాడంటే, క్యాసెట్టు ఆ చోట అరిగిపోయింది.

ఇక ఈతకొలను సంగతి. విల్లాలో అందరూ దాన్ని అరబ్బీ మాటతో బిర్కా అనేవారు. పోశయ్య పనిలో చేరిన మొదటి రోజే హయాత్ బాషా అతన్ని గట్టున నిలబెట్టి, ఇంతకుముందు ఈ పని చేసిన లచ్చన్న ఒక మధ్యాహ్నం ఇందులోనే మునిగి చనిపోయాడనీ, లోతు వైపు అడుగున, నీళ్లు వెళ్లే జాలీ దగ్గర ఇప్పటికీ కూర్చుని ఉంటాడనీ చెప్పాడు. పోశయ్య సాక్ష్యం అడగలేదు. సాక్ష్యం అడగడం ఎవరైనా నేర్పితే తప్ప మనిషికి రాదు. అతను తనకు తెలిసిన విరుగుడు చేశాడు. ఇనుమున్న చోటికి దయ్యపు గాలి రాదు. బాలింత తలగడ కింద కొడవలి పెట్టేది అందుకే. తోటలో విరిగిన కొడవలి ముక్క ఒకటి తెచ్చి, పొడుగాటి కర్రతో జాలీని ఓరగా ఎత్తి, కింది గుంటలోకి జారవిడిచాడు.

ఏడాదిపాటు ఏమీ కాలేదు. అంటే ఇనుము పనిచేసింది. ఆ తర్వాత జాలీ చుట్టూ రూపాయి బిళ్లంత గోధుమరంగు మరక కనబడింది. అంటే ఇనుము చాల్లేదు. పోశయ్య నాలుగు మేకులు చేర్చాడు. మరక పళ్లెమంత అయింది. విరిగిన గునపం మొన చేర్చాడు. ఈ తర్కానికి ఓటమి లేదు: మరక తగ్గితే ఇనుము గొప్పది, పెరిగితే దయ్యం గొప్పది.

ఆ బుధవారం ఉదయం మరకకు చేతులు వచ్చాయి. రెండు చారలు అటూ ఇటూ పాకి, మూడోది తలలాగా పైకి లేచి, నిలువెత్తు మనిషి వెల్లకిలా పడుకున్నట్టే ఉంది. పోశయ్య చేతిలోని బ్రష్షు నీళ్లలో పడింది.

“ఏమప్పా, ఇంకా తుడిచేదేనా?” అంటూ హయాత్ బాషా వచ్చాడు. రాయచోటి మనిషి, పదిహేనేళ్లుగా అరబ్బుల దగ్గర అరబ్బీలో వంగి, తన కింది వాళ్ల దగ్గర తెలుగులో నిటారుగా నిలబడుతున్నాడు. “శుక్రవారం కఫీల్ కొత్త వియ్యంకులు వస్తావుండారు. బిర్కా నీలంగా మెరిసిపోవల్ల అన్నాడు. మెరిసిందా, నీ పాస్‌పోర్టు నీ చేతిలో. మెరవలేదా, నీ ఛుట్టీ ఖలాస్.”

“సాబ్, జర అడుగుకు సూడు.”

బాషా చూశాడు. అతని గొంతులోని యాజమాన్యం ఒక్కసారిగా దిగిపోయింది.

“ఏంది రా అది?”

“లచ్చన్ననే సాబ్. చేతులు జాపిండు. నేను పోతాన్నని ఎర్కయినట్టుంది.”

ఇక్కడ పాఠకులకు ఒక నిజం చెప్పాలి. మునిగి చనిపోయిన లచ్చన్న హయాత్ బాషా కల్పన. పనివాళ్లు మిట్టమధ్యాహ్నం ఎవరూ లేనప్పుడు బిర్కాలో దిగి స్నానాలు చేయకుండా ఉండటానికి అతను అల్లిన కథ అది. కానీ నాలుగేళ్లుగా ఆ కథను కొత్త కొత్త వివరాలతో, ముఖ్యంగా చివరి కేకను అభినయించి మరీ, చెప్పి చెప్పి బాషా తానే దాని మొదటి భక్తుడయ్యాడు. ఒంటరిగా ఉన్నప్పుడు ఆ గట్టు మీదుగా నడవడం మానేసి చాలా కాలమైంది.

“క్లోరిన్ పోయ్,” అన్నాడు బాషా, పెదవులు తడుపుకుంటూ. “రెండు మగ్గులు కాదు. డ్రమ్ము మొత్తం. యల్లా, తొందరగా!”

డ్రమ్ము మొత్తం పోశారు. ఇనుము కరిగిన నీటికి క్లోరిన్ తగిలితే ఆ ఇనుమంతా తుప్పుగా బయటపడుతుంది. ఇది ఏ హైస్కూలు సైన్సు మేష్టరైనా చెప్పగల సంగతి; ఆ విల్లాలో హైస్కూలు గడప తొక్కినవాడు లేడు. మధ్యాహ్నానికి బిర్కా నిండా తేనీరు రంగు నీళ్లు. మెట్ల మీద, గోడల మీద, నిన్నటిదాకా తెల్లగా ఉన్న ప్రతి చోటా గోధుమరంగు వేళ్లు.

ఇత్తడి బిందెలను మిలమిలలాడించే చింతపండు గుర్తొచ్చి, పోశయ్య వంటింట్లో ఉన్నదంతా తెచ్చి మెట్లకు పులిమాడు. చెయ్యి పెట్టిన చోట మరక నిజంగానే కొంత వదిలింది. కాని గుజ్జు నీళ్లలో కలిసి, ఎండకు కాగి, తిరగమోత కోసం ఎదురుచూస్తున్నట్టు వాసన వేయసాగింది.

“కఫీల్ వియ్యంకులు ఈత కొట్టేదానికి వస్తావుండారా, చారన్నం తినేదానికా?” అని బాషా అరిచాడు. తర్వాత గొంతు తగ్గించి, “ఇనుమేమన్నా వేసి చూడరాదా?” అన్నాడు, ఎటో చూస్తూ.

పోశయ్య ఉలిక్కిపడ్డాడు. ఈ విద్య తనొక్కడిదే అనుకున్నాడు. “నాలుగేండ్ల సంది ఏత్తనే ఉన్న సాబ్,” అందామనుకుని ఆగిపోయాడు. ఆ సాయంత్రం ఎవరి దారిన వాళ్లు, ఒకరికొకరు కనబడకుండా, మరికొంత ఇనుము సమర్పించుకున్నారు.

గురువారం ఉదయానికి పోశయ్య అరచేతులు క్లోరిన్‌కు పొట్టు లేచిపోయాయి. కట్టు కట్టించుకోవడానికి సర్కారు క్లినిక్కుకు వెళ్లాడు. అక్కడి నర్సు జ్ఞానకుమారిది భీమవరం దగ్గరి ఊరు. తెలుగు మాట వినబడితే చాలు, వరసలో చివరన ఉన్నవాణ్నయినా ముందుకు పిలిచేది.

“చేతులేంటి తమ్ముడూ, పులుసులో ముంచి తీసినట్టున్నాయి?” అంది.

“పులుసులనే ముంచి తీసిన, సిస్టరమ్మా,” అని పోశయ్య జరిగినదంతా చెప్పాడు. దయ్యం, పాస్‌పోర్టు, శనివారం విమానం, టేప్‌రికార్డరుకు బువ్వ పెట్టే బిడ్డ. చెబుతూ చెబుతూ చొక్కా అంచుతో కళ్లు తుడుచుకోబోతే, ఆ అంచు మీది గోధుమరంగు మరకను ఆమె చూసింది.

“ఇలా చూపించు. ఇది తుప్పయ్యా! ఐరన్ టానిక్ ఒలికితే మా తెల్ల కోట్ల మీద అచ్చం ఇలాగే పడుతుంది.” ఆమె విటమిన్ సి మాత్ర ఒకటి నలిపి, తడి చేసి, ఆ మరక మీద రుద్దింది. పోశయ్య కళ్లముందే మరక పలచబడి, పసుపై, మాయమైంది.

అతను నోరు తెరిచి చూశాడు. “దయ్యాలకు గూడ గోలీలుంటయా?”

“దయ్యమైతే చర్చికి వెళ్లమనేదాన్ని. తుప్పు కాబట్టి మాత్రిచ్చాను. నిజం చెప్పు, ఆ నీళ్లలో ఇనుప సామానేమన్నా పడిందా?”

పోశయ్య ఆమె కట్టు కట్టిన చేతులు వెనక్కి దాచుకున్నాడు. “పడలే, సిస్టరమ్మా. ఏసిన.”

“ఎంత?”

“దయ్యం పెరిగినకొద్ది.”

జ్ఞానకుమారి నవ్వలేదు. అందుకు పోశయ్య ఆమెను జీవితాంతం తలచుకున్నాడు. గడువు తీరి పారవేయడానికి పక్కన పెట్టిన రెండు పెద్ద డబ్బాల మాత్రలు తెచ్చి అతని చంకలో పెట్టి, వేళ్లు మడుస్తూ చెప్పింది. “ముందు నీళ్లన్నీ తోడెయ్. తర్వాత ఆ ఇనుమంతా తియ్, ఒక్క మేకు కూడా ఉండకూడదు. ఈ మాత్రలు నూరి ముద్ద చేసి రుద్దు, కడుగు. టాంకరు మంచినీళ్లు పట్టు. బావినీళ్లొద్దు, ఇక్కడి బావుల్లోనూ ఇనుమే. ఇందులో ఏది తప్పినా మీ లచ్చన్న మళ్లీ లేస్తాడు.”

గురువారం మధ్యాహ్నానికి తోట మోటారుతో బిర్కా ఖాళీ చేశారు. పోశయ్య మొదటిసారి ఆ అడుగున కాళ్లు ఆనించి, జాలీ ఎత్తి, గుంటలోంచి తన సామాను ఒక్కొక్కటే తీశాడు. కొడవలి ముక్క. మేకులు. గునపం మొన. ఆపైన అతని చేతికి ఒక గుర్రపునాడా తగిలింది. తర్వాత మూరెడు గొలుసు. తర్వాత ఆకుపచ్చ దారం చుట్టిన తాళంకప్ప.

“సాబ్, గివి నావి గావు.”

గట్టు మీద నిలబడిన బాషా దగ్గాడు.

“గుర్రంనాడ ఎట్లచ్చె సాబ్ బిర్కలకు? లచ్చన్న గుర్రం మీదికెల్లి పడ్డడా?”

“నోరు మూసుకోని తియ్యప్పా.”

“నువ్వు గూడ ఏత్తున్నవు గద?”

బాషా గట్టు మీద కూలబడ్డాడు. “లచ్చన్న చావలేదు రా,” అన్నాడు చివరికి. “దుబాయ్‌లో నైఫ్ బజారులో గిన్నెల దుకాణంలో ఉండాడు. పోయిన రంజానుకు కూడా చూసినా. లావెక్కినాడు.”

“మరి చచ్చిండంటివి?”

“మీరంతా బిర్కాలో దిగి స్నానాలు చేస్తావుంటే ఇంకేం చెప్పల్ల?”

“చావలేదని నీకెర్కనే గద. మరి నీ నాడ ఏంది?”

బాషా ఖాళీ బిర్కా అడుగున ఇంకా చేతులు చాచి పడుకున్న మరక వైపు చూశాడు. “అన్నిసార్లు చెప్పినాక,” అన్నాడు నెమ్మదిగా, “ఎవుడో ఒకడు చచ్చేవుంటాడేమో అనిపించె.”

ఆ జవాబులో మానవజాతి చరిత్ర చాలా భాగం ఉంది. కాని పోశయ్యకు తీరిక లేదు. మాత్రల ముద్దతో మోకాళ్ల మీద పాకుతూ, లచ్చన్న చేతులు, కాళ్లు, చివరగా తల తుడిచేశాడు. పొద్దుగూకేసరికి అడుగు తెల్లగా ఉంది. శుక్రవారం ఉదయం అయిదు టాంకర్లు వచ్చి వెళ్లాయి.

మధ్యాహ్నం నమాజు తర్వాత కఫీల్ తన వియ్యంకులతో గట్టుకు వచ్చాడు. అడుగున ఒక చిన్న నాణెం పడినా బొమ్మో బొరుసో చెప్పగలిగేంత స్వచ్ఛంగా ఉన్నాయి నీళ్లు. వియ్యంకులు మెచ్చుకున్నారు. తమ ఇళ్లలో ఇదే మరక రెండేళ్లుగా వేధిస్తోందనీ, కంపెనీవాళ్లు కూడా చేతులెత్తేశారనీ చెప్పారు. కఫీల్ మీసం దువ్వుకుని బాషాను పిలిచి అరబ్బీలో ఏదో అన్నాడు. దూరంగా, ఉతికిన చొక్కా వేసుకుని, పెట్టె సర్దుకుని వచ్చిన పోశయ్య తన పేరు రెండుసార్లు వినబడటం గమనించి సంతోషించాడు.

బాషా అతని దగ్గరకు చాలా మెల్లగా నడిచి వచ్చాడు.

“ఇట్లాంటి మనిషి గల్ఫ్ మొత్తంలో లేడన్నాడప్పా.”

“పాస్‌పోర్టు?”

“ఇట్లాంటి మనిషిని ఎట్లా పంపేదన్నాడు. వియ్యంకుల బిర్కాలు కూడా నువ్వే చూడల్లంట. ఛుట్టీ వచ్చే ఏడు చూద్దామన్నాడు.”

“టికెట్ రేప్పొద్దుగాలదుండె సాబ్.”

“పని చెడిపోతే కోపం చేసుకుంటాడని భయపడితి. బాగైతే ఇట్లా అవుతాదని నాకేం తెలుసు?”

శనివారం విమానం ఒక సీటు ఖాళీతో వెళ్లిపోయింది. పోశయ్య మూడు రోజులు ఆ అరిగిన క్యాసెట్టే తిప్పి తిప్పి విన్నాడు. నాలుగో రోజు ఉదయం జ్ఞానకుమారి చెప్పిన జాగ్రత్తలన్నీ వేళ్లు మడుస్తూ గుర్తుచేసుకుని, ఒక్కొక్కటే తిరగేశాడు. బావినీళ్లు పట్టాడు. క్లోరిన్ దండిగా పోశాడు. తోట మూలన కుప్పగా పడి ఉన్న కొడవలి, మేకులు, గునపం మొన తెచ్చి, కర్రతో జాలీ ఎత్తుతుండగా, వెనక నీడ పడింది.

“వీసా కాన్సిల్ చేస్తాడు రా,” అన్నాడు బాషా. “మళ్లీ ఈ దేశానికి రాలేవు.”

“బిడ్డ టేప్‌కు బువ్వ వెడ్తాంది సాబ్.”

 బాషా, ఎవరో వదిలేసిన చెత్తను పక్కకు తోస్తున్నట్టుగా, గుర్రపునాడాను బూటు కాలితో పోశయ్య ముందుకు నెట్టి వెళ్లిపోయాడు.

మూడు శుక్రవారాలలో లచ్చన్న లేచి కూర్చున్నాడు. నాలుగో శుక్రవారం కఫీల్ గట్టు మీద నిలబడి “మాఫీ ఫాయిదా!” అని అరిచాడు. ఏ ప్రయోజనమూ లేని మనిషని అర్థం. ఆ ఒక్క మాటతో పోశయ్య చేతికి పాస్‌పోర్టు వచ్చింది, వీసా రద్దయినట్టు ఎర్రటి ముద్రతో సహా. ఇనుముకు మహిమ ఉందనడానికి అతని దగ్గర ఇప్పుడు రాతపూర్వకమైన ఆధారం ఉంది.

ఇల్లు చేరిన సాయంత్రం పోశయ్య గడప దగ్గర కూర్చుని, పక్కనే నిలబడిన కూతురికి బిర్కా సంగతి మొదటి నుంచి చివరిదాకా చెప్పాడు. ఇక చేయడానికి పని లేదు గనుక తొందరపడకుండా చెప్పాడు. ఆ పిల్ల గొంతును గుర్తుపట్టింది. మనిషిని గుర్తుపట్టలేదు. చాలాసేపు విన్నది, అతని చొక్కా గుండీలన్నీ ఒక్కొక్కటిగా నొక్కి చూసింది, చివరకు తల్లి వైపు తిరిగింది.

“అవ్వా, గీ బాపును బందువెట్టే బటన్ యాడున్నది?”