మసూద్ కంప్యూటర్‌లో ఆగిపోయిన నిఖా

వీడియో ఆగిపోయి తెర మధ్యలో తెల్ల చక్రం తిరగడం మొదలు కాగానే నెట్ కంపెనీని తిట్టుకునే పాఠక మహాశయులారా, కాస్త ఆగండి. మీరు తిడుతున్నది ఒక వరాన్ని!

కోర్టులు, పోలీస్ స్టేషన్లు, పెద్దమనుషులు కలపలేని కుటుంబాలను ఆ చక్రం కలిపింది. అలిగి ఇంట్లో కూర్చున్న మగవాడి చేత లుంగీ విప్పించి ప్యాంటు తొడిగించింది. ఇంత పని ఏ ప్రభుత్వ పథకం చేసింది చెప్పండి?

నమ్మకం లేకపోతే హిందూపురంలో పరుపుల అంగడి మసూద్ సంగతి వినండి.

మసూద్ దూది పరుపులు కుట్టడంలో దిట్ట. ఆయన కుట్టిన పరుపు మీద ఊరంతా హాయిగా నిద్రపోతుంది. కానీ ధర్మవరం నుంచి ఆ లింకు వచ్చిన రోజు నుంచి ఆయనకు మాత్రం నిద్ర లేదు.

ధర్మవరంలో ఉండేది ఆయన చెల్లెలు సమీనా. ఆమె భర్త సలీం బైకులకు సీటు కవర్లు వేస్తాడు. వాళ్ల కూతురు ముంతాజ్‌కు నిఖా కుదిరింది. మేనమామ కదా, బావ స్వయంగా ఇంటికి వచ్చి పిలుస్తాడని మసూద్ అంగడిలో కుర్చీ కూడా తుడిచి పెట్టుకున్నాడు. బావ రాలేదు. చుట్టాల వాట్సాప్ గ్రూపులో కార్డు ఫొటో వచ్చింది. దాని కింద రెండు దండాల బొమ్మలు. దండాల కింద ఒక లింకు. లింకు కింద ‘రాలేని వారు లైవ్‌లో చూడగలరు’ అని ఒక ముక్క. ఆ గ్రూపులో మసూద్‌తో పాటు గ్యాస్ సిలిండర్ తెచ్చే మనిషి కూడా ఉన్నాడు!

సమీనా నిఖా అప్పుడు వాళ్ల నాయన మొహిద్దీన్ సాబ్ గోరంట్లలో ఒకరింటికి, పెనుకొండలో ఇంకొకరింటికి బస్సులు మారి మారి తిరిగి పిలిచాడు. పిలిచి పిలిచి నిఖా నాటికి గొంతు పోయి, వచ్చిన వాళ్లను చేతి సైగలతో కూర్చోబెట్టాడు. అలాంటి మనిషి కొడుకుకు లింకా?

“వాడు పెండ్లిని నా ఇంటికే పంపినాడు,” అన్నాడు మసూద్ భార్య మాబున్నీతో. “ఇంటికొచ్చిన పెండ్లిని ఇంట్లోనే చూస్తా. నేను పోయేదేముండాది?”

ఆ తర్వాత సమీనా ఫోన్ చేసినప్పుడల్లా అన్న స్నానం చేస్తున్నాడని మాబున్నీ చెప్పాల్సి వచ్చింది. ట్యాంకరు ఎప్పుడొస్తుందో తెలియని వీధిలో అన్నిసార్లు స్నానం చేసిన మనిషి చరిత్రలో ఇంకొకడు లేడు.

నిఖా రోజు రానే వచ్చింది.

అంగడి బిల్లుల కోసం కొన్న కంప్యూటర్ వాళ్ల హాల్లో ఉంటుంది. దాని మీద మాబున్నీ కుట్టిన పూల గుడ్డ ఒకటి కప్పి ఉంటుంది. మసూద్ ఆ గుడ్డ తీసి, తెర తుడిచి, ఉదయమే ఎదురుగా కూర్చున్నాడు. పైన ఇస్త్రీ చొక్కా, తలకు టోపీ, కింద లుంగీ. లైవ్‌లో తను ఎవరికీ కనిపించడని తెలుసు. అయినా పెళ్లికి పోతున్నప్పుడు సగమైనా మర్యాద ఉండాలి కదా?

మాబున్నీ వచ్చి పక్కన కూర్చుంది. ధర్మవరం పట్టుచీర కట్టి, తలలో పూలు పెట్టి, చెవులకు కమ్మలు కూడా వేసుకుంది. ఇంట్లో కూర్చుని చూడటానికి ఇదంతా ఏమిటని మసూద్ అడిగాడు. పెండ్లికి అందరూ కట్టుకుంటారు, నేనూ కట్టుకున్నా అని ఆమె చెప్పింది. 

లైవ్ మొదలైంది. ఫంక్షన్ హాలు గేటు కనిపించింది. గేటుకు పూలు కనిపించాయి. కెమెరా మెల్లగా లోపలికి పోయి, కుర్చీలు దాటి, ఆడవాళ్ల వైపు తిరిగి, సమీనా మీద నిలబడింది.

అక్కడ ఆగిపోయింది.

సమీనా తల తలుపు వైపు తిరిగి ఉంది. నోరు సగం తెరిచి ఉంది. ఆమె ముక్కు మీద తెల్ల చక్రం తిరుగుతోంది.

మసూద్ రిఫ్రెష్ కొట్టాడు. గేటు లేదు, పూలు లేవు, నేరుగా సమీనా. మళ్లీ కొట్టాడు. మళ్లీ సమీనా. బ్రౌజర్ మూసి తెరిచాడు. సమీనా. కంప్యూటర్ మొత్తం ఆపి, లోపలి వేడి తగ్గడానికి విసనకర్రతో విసిరి, ఆన్ చేశాడు. ఈసారి తెర నిండా ఇంకా పెద్దగా సమీనా!

ఈ దేశంలో కంప్యూటర్ చెడిపోతే వైద్యం చెప్పనివాడు ఉంటాడా? పక్కింటి చౌడక్క కిటికీలోంచి చూసి, మా ఇంట్లో టీవీకి ఇట్లయితే రెండు తట్లు తడితే సరిపోతుందని చెప్పింది. మసూద్ రెండు తట్లు తట్టాడు. టోపీ జారింది గాని చెల్లెలు కదల్లేదు. నెట్ డబ్బా ఎత్తులో ఉండాలని ఎవరో చెప్పగా విన్నాడు. అందుకని అంగడిలోంచి పరుపులు తెచ్చి ఒకదాని మీద ఒకటి పేర్చి, పైన డబ్బాను పడుకోబెట్టాడు. అంత సుఖం ఆ డబ్బా తన పుట్టుకలో ఎరిగి ఉండదు.

మొబైల్ షాపు అశోక్‌కు ఫోన్ చేశాడు. అశోక్ ఓపిగ్గా క్యాష్ క్లియర్ చేయించాడు. తెరిచి ఉన్న ట్యాబులు మూయించాడు. క్వాలిటీ తగ్గించమన్నాడు. క్వాలిటీ తగ్గించగానే సమీనా ముఖం చతురస్రాలుగా విడిపోయింది. ఆ చతురస్రాల్లో కూడా ఆమె తలుపు వైపే చూస్తోంది. చివరికి అశోక్, వీడియోలు ఆగిపోతే ఏం చేయాలో వివరంగా చెప్పే ఒక వీడియో లింకు పంపాడు.

ఆ వీడియో మాత్రం ఎక్కడా ఆగకుండా చివరిదాకా నడిచింది.

కస్టమర్ కేర్‌లో తెలుగుకు ఒకటి నొక్కాడు. సమస్యకు ఇంకేదో నొక్కాడు. ఒక ఆడగొంతు మీ కాల్ మాకు ఎంతో ముఖ్యం అని చెప్పి, అంత ముఖ్యమైన కాల్‌ను సన్నాయి పాటలో పెట్టి వెళ్లిపోయింది. పెళ్లి కనిపించకపోయినా మేళం మాత్రం వినిపించింది.

ఇంతసేపూ మాబున్నీ తెర వైపే చూస్తూ కూర్చుంది.

“మీ చెల్లెలు యాడ చూస్తాండాదో తెల్సునా?” అంది.

“బిర్యానీ డేగిసాలు వచ్చినాయేమోనని చూస్తాంటుంది,” అన్నాడు మసూద్.

“డేగిసాల కోసం ఎవరూ అట్ల చూడరయ్యా. మనిషి కోసం చూస్తారు.”

మసూద్ మళ్లీ తెర వైపు చూశాడు. వీడియో నడిచి ఉంటే సమీనా ముఖం కనురెప్ప కొట్టినంతసేపు కనిపించి పోయేది. ఆ తర్వాత పెళ్లికొడుకు గుర్రం, పిల్లల డాన్సులు, డ్రోను తీసిన హాలు పైకప్పు వచ్చేవి. ఆయన అన్నీ చూసి, దువా చేసి, గుడ్డ కప్పి, అలకను అలాగే మడిచి లోపల పెట్టుకునేవాడు. కానీ చక్రం ఊరుకోలేదు. పొద్దున్నుంచి చెల్లెల్ని ఆయన ముందు నిలబెట్టి ఉంచింది. ఎంత గట్టి కోపమైనా అంతసేపు ఎదురుగా నిలబడిన ముఖం ముందు ఎంతసేపని నిలుస్తుంది?

మసూద్ లేచి లోపలికి పోయాడు. బయటికి వచ్చినప్పుడు ప్యాంటు వేసుకుని ఉన్నాడు.

“నెట్ సంగతేందో ఆడికే పోయి కనుక్కుంటా,” అన్నాడు.

మాబున్నీ అప్పటికే చెప్పులు వేసుకుని గడప దగ్గర ఉంది.

పెనుకొండ వరకు ఒక బస్సు, అక్కడ దిగి ధర్మవరానికి ఇంకో బస్సు. దారి పొడుగునా మసూద్ ఫోన్‌లో లైవ్ తెరుస్తూనే ఉన్నాడు, చక్రం తిరుగుతూనే ఉంది. మధ్యమధ్యలో సలీంను ఏమని తిట్టాలో మనసులో వరస పెట్టుకున్నాడు. మంచి మాటలే దొరికాయి. పెనుకొండ కొండ కనుమరుగయ్యేసరికి తిట్లకు ఒక మొదలు, ఒక తుది కుదిరాయి. ధర్మవరంలో ఆటో ఎక్కేటప్పుడు వాటిని పెదవులతో ఒకసారి సరిచూసుకున్నాడు కూడా. నిఖా ఎప్పుడో అయిపోయి ఉంటుంది, ఇక మిగిలింది తిట్టడమే అని నిశ్చయించుకుని హాల్లో అడుగు పెట్టాడు.

నిఖా ఇంకా కాలేదు!

హాలు నిండా జనం. అందరూ వేదిక పక్కనున్న పెద్ద ఎల్ఈడీ తెర వైపు కూర్చుని ఉన్నారు. ఆ తెర మీద ఎద్దుల బండి చక్రమంత చక్రం తిరుగుతోంది. కాళ్లు చాపుకుని, పిల్లల్ని ఒళ్లో పెట్టుకుని, అదే కార్యక్రమం అన్నట్టు అందరూ దాన్ని చూస్తున్నారు. పెళ్లికూతురు వేదిక మీదే ఉంది. కానీ కెమెరాలు, లైట్లు, వాటి గొడుగులు పట్టుకున్న మనుషులు గోడలా నిలబడ్డారు, ఆమె ఎవరికీ కనిపించదు. ఆమెను చూడాలంటే తెరలో చూడాలి. తెరలో చక్రం ఉంది.

సంగతేమంటే, పాడయింది హాలులోని నెట్. మసూద్ తట్టిన కంప్యూటర్, పరుపుల మీద పడుకోబెట్టిన డబ్బా, రెండూ ఏ పాపం ఎరగవు. పెళ్లికొడుకు అన్న కువైట్‌లో ఉన్నాడు. లైవ్‌లో తాను చూశాకే నిఖా చదవాలని ఆయన పట్టు పట్టాడు. ఖాజీ గారు టీ మీద టీ తాగుతూ కూర్చున్నారు. సలీం నెట్ డబ్బాను చంటిబిడ్డలా రెండు చేతుల్లో ఎత్తుకుని సిగ్నల్ కోసం హాలంతా తిరుగుతున్నాడు.

తిరుగుతూ తిరుగుతూ మసూద్‌కు ఎదురుపడ్డాడు.

“బావా, వచ్చినావా,” అన్నాడు. “నీకు కంప్యూటర్ తెల్సు కదా. దీన్ని కొంచెం చూడు.”

అని డబ్బాను మసూద్ చేతుల్లో పెట్టాడు. హిందూపురం నుంచి మోసుకొచ్చిన తిట్లన్నీ ఎక్కడివక్కడ నిలిచిపోయాయి. చేతుల్లో డబ్బా పెట్టుకుని ఏ మనిషి అయినా ఎట్లా తిడతాడు?

ఇంతలో సమీనా ఆడవాళ్ల మధ్య నుంచి వచ్చి ఎదురుగా నిలబడింది.

“స్నానం అయ్యిందా అన్నా?” అంది.

ఆమె నవ్వబోయింది గాని నవ్వు సగంలోనే వణికింది. మసూద్ పొద్దున తలుపు వైపు ఎందుకు చూస్తున్నావని అడిగాడు. ఆ అడగడంలో, బిర్యానీ డేగిసాల కోసమని ఆమె చెబితే బాగుండునన్న ఆశ ఇంకా కొంచెం మిగిలి ఉంది.

“ఇంకెవరి కోసం చూస్తా?” అంది సమీనా. “పొద్దున్నుంచి నాకదే పని.”

మసూద్ డబ్బాను పక్కనున్న కుర్చీ మీద పెట్టాడు. చెల్లెలి తల మీద చెయ్యి వేశాడు. మాబున్నీ పట్టుచెంగుతో కళ్లు తుడుచుకుంటూ, పోయి ఆడవాళ్లలో కలిసిపోయింది.

దూరం నుంచి చూస్తున్న ఖాజీ గారు ఖాళీ టీ గ్లాసు కింద పెట్టారు. “కువైట్ ఆయనకు తర్వాత చూపియ్యొచ్చు,” అన్నారు. “మేనమామ వచ్చినాడు. కానీండి.”

లైవ్ లేదని తేలగానే కెమెరా వాళ్లు భోజనాలకు వెళ్లారు. వాళ్లు పక్కకు జరిగేసరికి వేదిక మీద ముంతాజ్ కనిపించింది. జనం కుర్చీల్లోంచి లేచి, మెడలు సాచి, ముందుకు వచ్చి, పెళ్లికూతుర్ని కళ్లతో చూశారు. ‘అచ్చం తెరలో ఉన్నట్టే ఉండాది’ అని ఒక పెద్దావిడ మెచ్చుకుంది. మేనమామ పక్కన నిలబడి ఉండగా నిఖా జరిగింది.

భోజనాల దగ్గర మసూద్‌కు తిట్లు గుర్తుకొచ్చాయి. కానీ అప్పటికి చాలావరకు మరిచిపోయాడు. మిగిలిన ఒక్కటి అడిగాడు. ఇంటికి వచ్చి పిలిచి ఉంటే ఏం పోయేదని.

సలీం నిజంగానే ఆశ్చర్యపోయాడు. “బయటోళ్ల ఇండ్లకంతా పోయి పిలిచినా బావా. నువ్వు ఇంటోడివి అనుకుంటి.”

మసూద్ తన ముందున్న మాంసం ముక్క తీసి బావ పళ్లెంలో వేశాడు.

చూశారా మరి? ఆ రోజు హాల్లో నెట్ సవ్యంగా ఉండి ఉంటే ఏమయ్యేది? కువైట్‌లో ఒకాయన సంతోషించేవాడు. హిందూపురంలో ఒకాయన అలకతోనే అన్నం తినేవాడు. సమీనా పొద్దు వాలేదాకా తలుపు వైపు చూసేది. కాబట్టి నెట్ కంపెనీల వారికి పాఠకులందరి తరఫున ఒక విన్నపం. వేగం పెంచుతున్నామని ప్రకటనలు ఇవ్వకండి. చుట్టాల ఇళ్లలో శుభకార్యం ఉన్న రోజుల్లోనైనా దయచేసి లైన్లు చెడగొట్టండి.

ఈ విన్నపం ఆలస్యమైపోయిందని మాత్రం ఒప్పుకోవాలి. పెళ్లయిన కొన్నాళ్లకు మసూద్ వీధిలోకి ఫైబర్ వచ్చింది. అటు ధర్మవరంలోనూ వచ్చింది. ఇప్పుడు ఎక్కడా ఏదీ ఆగదు.

మొన్న సమీనా వాళ్లు సొంత ఇంట్లో చేరారు. గ్రూపులో లింకు వచ్చింది. ఈసారి మసూద్ అలగలేదు. బావ తనను ఇంటివాడు అనుకుంటున్నాడని తెలిసిపోయింది కదా, ఇక అలక దేనికి? పోదామనే అనుకున్నాడు. అంగడిలో పరుపుల పని ఉండింది, ఎండగా ఉండింది, లైవ్ చక్కగా వస్తూ ఉండింది. ఫాతెహా ప్రార్థన మొదలుకొని చివరి ముద్ద దాకా ఒక్క చోట కూడా ఆగకుండా అంతా చూశారు. మాబున్నీ పాత చీరలోనే కూర్చుని చూసింది. వంటింటి అరలు బాగున్నాయని కూడా చెప్పింది.

సాయంత్రం సమీనా ఫోన్ చేసింది. మసూద్ వెంటనే ఎత్తాడు.

“లైవ్ సరిగ్గా వచ్చిందా అన్నా? అందరం కనపడినామా?”

“బ్రహ్మాండంగా కనపడినారు. మీ గోడ మీది గడియారంలో టైము కూడా కనపడింది.”

“అవునా,” అంది సమీనా. “మీరే మాకు కనపడలేదన్నా.”

మసూద్ ఫోన్ చెవి దగ్గరే పెట్టుకుని ఊరికే నిలబడ్డాడు.

అవతల సమీనా హలో, హలో అని చూసి, నెట్‌వర్క్ పోయిందనుకుని ఫోన్ పెట్టేసింది.