మాస్టారు ఆపిన గోడ

ఆదివారం పొద్దున్నే లెక్కల మాస్టారు నడుం బిగించాడు. పూలమొక్కల దగ్గర పెట్టిన దీపాల వైరు ఇంటి చుట్టూ నేలమీద పాములా పడి ఉంది. మొన్న అది కాలికి తగిలి భార్య బోర్లాపడింది. మోకాలు వాచి ఆవిడ కుంటుతుంటే మాస్టారి ప్రాణం ఉసూరుమంటోంది.

"మా తమ్ముణ్ణి పిలవనా? చిటికెలో గోడకి బిగించేస్తాడు," అంది ఆవిడ.

తమ్ముడు ఎలక్ట్రీషియను. మాస్టారు చెయ్యి పెట్టిన కుళాయి, ఫ్యాను, కాలింగ్ బెల్లు, అన్నీ చివరికి వాడే బాగుచేశాడు.

"వద్దు! ఇది నేనే చేస్తా. వాడి అవసరం పడితే ఇంక జన్మలో స్క్రూడ్రైవరు ముట్టుకోను, సరేనా?"

"మాటంటే మాటే," అంటూ ఆవిడ లోపలికి వెళ్ళింది.

పోయినసారి మేకు కొట్టబోయి నీళ్ళ పైపుకి కన్నం పెట్టాడు గనక, ఈసారి మాస్టారు జిగురు తెచ్చాడు. వైరుని పట్టి ఉంచే క్లిప్పుకి ధారాళంగా పూసి, గోడకి ఆనించి, అరచేత్తో గట్టిగా అదిమాడు. జిగురు కాస్తా పొంగి వేళ్ళ కిందికి పాకింది. చెయ్యి తీయబోతే రాలేదు. లాగాడు, బతిమాలాడు, తిట్టాడు. ఊహూఁ!

అంతలో పక్కింటి పెద్దాయన ప్రహరీ మీంచి తొంగిచూశాడు. ఆయనకి తెలిస్తే వీధంతా టాంటాం వేసినట్టే.

"ఏంటి మాస్టారూ, గోడ పట్టుకుని నిలబడ్డారు?"

"ఏం లేదండీ, ఊరికే... గోడ చూస్తున్నా."

"కదులుతోందా?"

మాస్టారు అవుననీ కాదనీ అనకుండా ఓ వెర్రినవ్వు నవ్వాడు. ఆ నవ్వే కొంప ముంచింది. పెద్దాయన పరుగున వచ్చి రెండు చేతులూ గోడకి ఆనించేసి, "రండర్రా! మాస్టారి ఇల్లు పడిపోతోంది!" అని గావుకేక పెట్టాడు.

వీధి వీధంతా వచ్చిపడింది. కొందరు గోడని మోశారు. మిగిలినవాళ్ళు సోఫా, మంచం, ఫ్రిజ్జు, ఆఖరికి పొయ్యి మీద ఉడుకుతున్న పప్పుతో సహా బయటికి మోశారు. భార్య కుంటుకుంటూ పరిగెత్తుకొచ్చింది.

"మీరు ఇవతలికి రండీ!"

"నేను రాలేనే..."

"ఇల్లంటే అంత పిచ్చేమిటండీ! ఉండండి, తమ్ముడికి ఫోన్ చేస్తా."

"వాడొద్దు! చచ్చినా వాణ్ణి పిలవకు!"

ఆవిడ కళ్ళల్లో నీళ్ళు గిర్రున తిరిగాయి. "విన్నారా! గోడ తన మీద పడుతున్నా, నా తమ్ముడికి ఏమవుతుందోనన్న బెంగే ఈయనకి!"

నిజం చెప్పేద్దామని మాస్టారు నోరు తెరిచాడు. కానీ పెళ్ళయ్యాక ఆవిడ తనని అంత గొప్పగా చూడడం అదే మొదటిసారి. సిగ్గూ ప్రేమా ఒక్కసారే ముంచుకొచ్చి నోరు మూతపడింది.

తమ్ముడు రానే వచ్చాడు. గోడ చూశాడు, బావ చెయ్యి చూశాడు, కింద పడున్న జిగురు గొట్టం చూశాడు. తర్వాత అక్క ముఖం చూశాడు.

"అందరూ వీధిలోకి వెళ్ళండి. అక్కా, నువ్వు సబ్బు కలిపిన వేడినీళ్ళిచ్చి వెళ్ళు. పగుళ్ళు కడిగి చూడాలి," అన్నాడు.

జనం కదలగానే మాస్టారు గొణిగాడు. "ఒరేయ్, నీకు పుణ్యముంటుంది, అక్కకి చెప్పకు."

"నవ్వించకు బావా, చెయ్యి జారుతుంది." సబ్బునీళ్ళతో నానబెట్టి, ఒక్కో వేలూ మెల్లగా ఊడదీశాడు. పనిలో పనిగా దీపాల వైరంతా గోడకి బిగించేసి, వీధిలోకి వచ్చి గొంతు సవరించుకున్నాడు. "గోడకి భయం లేదు. బావ సమయానికి చెయ్యి వేశాడు!"

చప్పట్లు మోగాయి. భార్య మాస్టారి ఎర్రబడ్డ అరచేతిని తన చేతుల్లోకి తీసుకుంది.

"నాదే తప్పండీ. ఇంత మనిషిని ఇంట్లో పెట్టుకుని ప్రతిదానికీ వాణ్ణి పిలుస్తున్నాను. ఇకనుంచి ఏ పనైనా మీరే చెయ్యాలి!"

తమ్ముడు అటు తిరిగి దగ్గాడు.

మర్నాడు తెల్లారకముందే పక్కింటి పెద్దాయన తలుపు తట్టాడు. వాళ్ళ ప్రహరీ కాస్త ఒరిగినట్టు ఉందట. మేస్త్రీ వచ్చేదాకా మాస్టారు ఓ చెయ్యి వేసి ఉంచితే, తను కాఫీ తాగి వస్తాడట.