సోడాబుడ్డి వీరుని సినిమా వంతు

వినుడు, ఓ సోఫారూఢులారా, దిండుసమాశ్రితులారా, రిమోటు కొఱకు తోబుట్టువులతో కలహించి గోటిగాట్లు పడిన యోధానుయోధులారా! ప్రచండమార్తాండుడు నడినెత్తి విడిచి కొంచెము పడమరకు జరిగిన వేళ, ఆదివారమున, మధ్యాహ్నము రెండు గంటల పది నిమిషములకు, మూడంతస్తుల మేడలో రెండవ అంతస్తున, ఎడమచేతివైపు వాటాలో, తెరలు దింపి చీకటి చేసిన ముందుగదిలో సంభవించిన మహాసంగ్రామమును చెప్పబోవుచున్నాను. ఇందు రక్తపాతము లేదు. ఒక టీ కప్పు మాత్రము ఒలికినది, అదియు సాసరులోనే. అయినను ఇట్టి యుద్ధమెంత కష్టమో చేసినవానికే తెలియును.

కథానాయకుడు కళ్ళజోళ్ళ దుకాణము వెనుకగదిలో అద్దములు అరగదీయు పనివాడు, సహస్రజనదృష్టిదోషనివారకుడు, స్వయముగా మైనస్ తొమ్మిది నంబరు మోయుచున్నందున మిత్రులచే సోడాబుడ్డి యను బిరుదమును పొందినవాడు. వయస్సు ముప్పదిరెండు. ఎదుటివాని కళ్ళజోడును అటునిటు తిప్పి చూచి, చీటీ లేకయే నంబరు చెప్పగల దిట్ట. తన మనసులోని మాట చెప్పవలసివచ్చినప్పుడు మాత్రము వట్టి పిరికి. ఆ మాట ఏమనగా, వానికి మగవారిపైననే మనసు పోవును. పదునాలుగవ ఏట ఆ సంగతి తెలిసెను. నాటి నుండి పదునెనిమిది సంవత్సరములు కడుపులో పెట్టుకొని మోసెను.

ఇక మిత్రమండలి. ఒకడు రంగుల మేస్త్రీ, చతురంతకుడ్యవర్ణలేపనధురంధరుడు, చిన్ననాటి స్నేహితుడు, గొంతు పెద్దది. ఇంకొకడు లిఫ్టు మెకానిక్కు; ఎట్టి సినిమాకైనను పదునైదవ నిమిషమున కునుకు తీయువాడు. మూడవది మేస్త్రీ యొక్క అక్క, ఆసుపత్రిలో వార్డు నర్సు, వితంతువు, ఒంటరిగా ఆ వాటాలో ఉండునది. పెద్ద టీవీ ఆమెది, ముందుగది ఆమెది, తుది మాటయు ఆమెదే. ఈ నలువురును ఏడేండ్లుగా ప్రతి ఆదివారమును ఒక సినిమా చూచుచున్నారు. సోడాబుడ్డికి ఇంటివద్ద మాటాడు దిక్కు లేదు. వారమంతయు అద్దములు అరగదీయు యంత్రము రొద తప్ప వేఱు శబ్దము వినడు. ఆ ఆదివారము పోయినచో వానికి మిగులునది ఏమియు లేదు.

ఆ మండలికొక కఠోరశాసనము కలదు. వంతు వచ్చినవాడు బుధవారములోగా సినిమా పేరును, ఒక్క వాక్యములో కథయును ఫోను గ్రూపులో పంపవలెను. సినిమా మొదలైనది మొదలు, తక్కినవారందఱును తమ అభిప్రాయము చెప్పువఱకు, పెట్టినవాడు నోరు మెదపరాదు. ఆఖరున, ఇది ఎందుకు పెట్టితివని అడిగినప్పుడు, ఒక్క ముక్కలో నిజము చెప్పవలెను. ఈ శాసనమునకు కారకుడు మెకానిక్కే. తాను పెట్టిన ఒకానొక సినిమాలో లిఫ్టు తాళ్ళు తప్పుగా చూపిరని గంటన్నర వివరించి, అందఱి ప్రాణములు తోడివేసినాడు.

ఓ శ్రోతలారా, ఆ చివరి నిబంధనయే మన వీరుని గుండెలో రాయి. ఆ శాసనము పుట్టిన పిమ్మట వాని వంతు ఐదు మార్లు వచ్చినది. ఐదు మార్లును వాడు తనకు ప్రాణమైన ఒక సినిమా పేరు కొట్టి, చెఱిపి, దాని స్థానమున మొసళ్ళ సినిమా పెట్టినాడు. ఎందుకు పెట్టితివన్నచో మొసళ్ళు బాగుండునని చెప్పినాడు. ఐదు మొసళ్ళ పిమ్మట వీనికి ఆ జంతువుపై ఏదో మమకారమున్నదని మండలి నమ్మి, పుట్టినరోజున పచ్చని మొసలి బొమ్మను బహూకరించినది. అది వాని మంచము ప్రక్కన ఈనాటికిని పండ్లు ఇకిలించుచున్నది.

ఇంత భయమెందుకని అడుగుదురేమో. ఒకనాడు ఏదో హాస్యచిత్రములో నడుము తిప్పుచు నడచు పాత్రను చూచి, మేస్త్రీ తానును లేచి, కండువా భుజముపై వేసికొని, ఆ ముందుగది ఈ గోడ నుండి ఆ గోడవఱకు అట్లే నడచి చూపెను. అందఱును పొట్టలు పట్టుకొని నవ్విరి. సోడాబుడ్డియు నవ్వెను. ఇంటికి పోయి ఆ పూట పస్తు పడుకొనెను.

ఆఱవ వంతు వచ్చినది. బుధవారమున, దుకాణము వెనుకగదిలో, అద్దపు పొడి అంటిన చేతులు కడిగికొని, ఫోను పట్టి, ప్రళయకాలరుద్రుడు మూడవ కన్ను తెఱచునప్పుడు సైతము ఇంతటి యోచన చేసియుండడనునట్లు యోచించి, ఆ ప్రాణసమానమైన సినిమా పేరు కొట్టెను. ప్రక్కన, 'వంతెనకి రంగులేసే ఇద్దరు పనోళ్ళ కథ' అని వ్రాసి పంపెను. అబద్ధము కాదు. నిజము మాత్రము సగమే. వాడు చేసిన పొరపాటు అదియే, ఏలయనగా మఱుక్షణమే మేస్త్రీ ఆనందపరవశుడై జవాబు పంపెను: "ఇన్నాళ్ళకి మా పని మీద ఒక సినిమా దొరికిందన్నమాట."

అంతటితో ఊరుకొన్నాడా? రంగుల దుకాణమున చెప్పెను, నిచ్చెనలు అద్దెకిచ్చువానికి చెప్పెను, శనివారము సాయంకాలమే అక్కకు ఫోను చేసి ముందు కుర్చీ తనదేనని ఖరారు చేసికొనెను. ఇవన్నియు సోడాబుడ్డి చెవిన పడెను. ఆఖరున చెప్పవలసిన మాటను అభ్యసింపనెంచి, శనివారము రాత్రి దుకాణపు గోడకు వ్రేలాడు నలుబది ఖాళీ ఫ్రేముల యెదుట నిలిచి, కుడిచేయి చాచి, ఇట్లు గర్జించెను:

"ఓ మిత్రపుంగవులారా! ఏ ప్రేమ గిరులను దాటునో, ఏ ప్రేమ కడళ్ళను చీల్చునో, ఆ ప్రేమయే నాయందును గలదు. అది నా సాటి పురుషుని వైపు తిరిగినది. నవ్వువాడు నవ్వుగాక! లేచిపోవువాడు చెప్పులు వెదకికొనుగాక! సోడాబుడ్డి తల దించడు!"

నలుబది ఫ్రేములును కిమ్మనక వినెను. ఒక్కటియు లేచిపోలేదు. వీరుడు మిక్కిలి ధైర్యము తెచ్చుకొని ఇంటికి పోయెను.

ఆదివారము వచ్చినది. మేస్త్రీ కుర్చీని ముందుకు జరిపి, జరిపి, మోకాళ్ళు టీవీకి తగులునంత దగ్గఱకు చేర్చెను. మెకానిక్కు దిండు సరిచేసికొని నిద్రకు సిద్ధమయ్యెను. అక్క టీ తెచ్చి తెరలు దింపెను. సినిమా మొదలైనది. మొదటి దృశ్యముననే వంతెన క్రింద విశాలమైన నది కనబడగా, ఇందులో మొసలి ఎప్పుడు వచ్చునని మెకానిక్కు అడిగెను. అక్క వాని నెత్తిన ఒకటి మొట్టెను.

తొలి అర్ధగంట మేస్త్రీకి పండుగయే. తెరపై ఇద్దరు పనివారు నడుములకు తాళ్ళు కట్టుకొని ఇనుప దూలములపై వ్రేలాడుచు తుప్పు గీకుచుండిరి. చూడండి, గీకకుండ వేయలేదు, పని తెలిసినవాళ్ళు, అని మేస్త్రీ మాటిమాటికి వెనుకకు తిరిగి చెప్పెను. ఎఱ్ఱని తొలిపూత పడగానే చప్పట్లు కొట్టెను. ఒకని నడుము ముడిని ఇంకొకడు బిగించి, బిగించిన పిమ్మట చేయి తీయక అట్లే ఉంచినప్పుడు మాత్రము వాడు వెనుకకు తిరుగలేదు.

నలుబదియేడవ నిమిషము! ఓ వాగ్దేవీ, నా నాలుకపై నిలువుము! నదీజలములపై సాయంసంధ్యారుణకాంతులు పరచుకొనుచుండగా, గాలికి తాళ్ళు ఊగుచుండగా, రెండవ పూత వేసిన దూలమునకు ఆనుకొని నిలిచిన పొడుగువానిని పొట్టివాడు కాలర్ పట్టి దగ్గఱకు లాగి, దర్శకుడు గడియారము మఱచినాడో ఏమో యనునంత సేపు, పెదవులపై ముద్దు పెట్టుకొనెను. సోడాబుడ్డి తెర చూచుట మాని, మేస్త్రీ వీపు చూచుచుండెను. ఆ వీపు మెల్లగా ముందుకు వంగినది. ఇక లేచును, ఇక కండువా తీయును, ఇక నడచి చూపునని వీరుడు నిశ్చయించుకొనెను.

"తడి రంగు మీద ఆనుకున్నాడు వాడు," అనెను మేస్త్రీ. ఆ గొంతులో ఆవేదన ఉండెను. "రెండో పూత వేసి పది నిమిషాలు కాలేదు. చొక్కా పోతే పోయింది, ఆ చోటు మళ్ళీ ఎవడు వేస్తాడు?"

నోరు మూసికొని చూడుమని అక్క గదిమెను. సోడాబుడ్డికి ఇది గెలుపో ఓటమియో బోధపడలేదు. తఱువాత ముగియువఱకు మేస్త్రీ ఒక్క మారును వెనుకకు తిరుగక చూచెను. తెరపై పొట్టివానికి పెండ్లి కుదిరెను. పొడుగువాడు మూడు గంటల రైలెక్కి వెడలిపోయెను. పొట్టివాడు స్టేషనుకు రానేలేదు. వంతెన సగము ఎఱుపు, సగము తుప్పుగా మిగిలెను. సినిమా ముగిసినది.

అప్పుడు తేలిన మహాశ్చర్యమేమనగా, మెకానిక్కు మేలుకొనియున్నాడు. ఏడేండ్లలో ఇదియే ప్రథమము. వాడు మొదట మాటాడెను. రైలు మూడు గంటలకని తెలిసియు పొట్టివాడెందుకు రాలేదు, నాలుగు వీధుల దూరమే కదా, కాళ్ళు పడిపోయెనా, అని మండిపడెను. భయమని అక్క చెప్పెను. భయమున్నవాడు అంత ఎత్తున తాడుపై ఎట్లు వ్రేలాడెనని వాడు ఎదురడిగెను. అది వేఱు భయము, ఇది వేఱని ఆమె విసుగుకొని, అసలు తప్పు పొట్టివాని తల్లిదని తేల్చెను: "ఆవిడకి తెలుసు. కొడుకు కంచం పక్కన వాడి స్నేహితుడి కంచం కూడా రోజూ తనే పెట్టింది. ఒక్కసారి అడిగి ఉంటే చెప్పేవాడు. అడగలేదు."

పావుగంట కలహించిరి. ఆ ఇద్దరు మగవారు ఏల ప్రేమించుకొనిరని మాత్రము ఒక్కరును అడుగలేదు. శాసనబద్ధుడై పెదవులు బిగించి కూర్చున్న మన వీరునికి కళ్ళద్దములు మసకబారెను. తుడిచికొనెను. మఱల మసకబారెను.

మేస్త్రీ చివర మాటాడెను. వంతెన సగములో వదలుట తనకు నచ్చలేదనెను. పిమ్మట నేల చూచుచు, "ఐదేళ్ళు ఒకడి తాడు ఇంకొకడు పట్టుకున్నారు. వెళ్తున్నప్పుడు కనీసం వచ్చి నిలబడాలి కదా మనిషన్నవాడు," అనెను.

"సరే," అనెను అక్క, సోడాబుడ్డి వైపు తిరిగి. "ఇది ఎందుకు పెట్టావు?"

గిరులు, కడళ్ళు, చాచిన కుడిచేయి, నలుబది ఫ్రేముల యెదుట మ్రోగిన సింహగర్జన, అన్నియు ఆ క్షణమున ఎక్కడికి పోయెనో పోయెను.

"నాది కాబట్టి," అనెను.

ఏది నీదని మేస్త్రీ అడిగెను.

"ఆ కథ. నేనూ వాళ్ళలాంటోణ్ణే."

మెకానిక్కు చేతిలో కప్పు వంగి, త్రాగుట మఱచి చల్లారిన టీ సాసరులోనికి ఒలికెను. మొదట తేరుకొన్నవాడును వాడే. "మరి ఆ మొసళ్ళు?"

"అవి మీ కోసం."

"నీకు మొసళ్ళంటే ఇష్టం లేదా?"

"అస్సలు లేదు."

"ఐదు చూశాం రా. నీకు ఇష్టమని ఐదు చూశాం." ఇంతటి ద్రోహమును తాను జన్మలో ఎఱుగనన్నట్లు మెకానిక్కు దిండును ఒడిలో పెట్టుకొని కూర్చుండెను. అక్క నవ్వు ఆపుకొనలేక ముఖము తిప్పుకొనెను.

మేస్త్రీ లేచెను. వాడు గుమ్మము వైపు పోలేదు. వంటగదిలోనికి పోయి, నీళ్ళు త్రాగి వచ్చి, కుర్చీని వెనుకకు తిప్పి, మిత్రునికి ఎదురుగా కూర్చుండెను. చెవులు ఎఱ్ఱబడియుండెను.

"నేను ఆ రోజు నడిచి చూపించినప్పుడు నువ్వు కూడా నవ్వావు."

"నవ్వాను."

"ఎందుకు నవ్వావు రా?"

"నవ్వకపోతే తెలిసిపోతుందని."

మేస్త్రీ సోడాబుడ్డి మోకాలిపై అరచేయి వేసి, గోరు సందులలోని రంగు చూచుచు, "సిగ్గేస్తోంది రా నాకు," అనెను. ఏమియు ఫరవాలేదని సోడాబుడ్డి అనలేదు. అది ఫరవాలేని సంగతి కాదు గదా. సరే, అని మాత్రమనెను. ఆ చేతిని మాత్రము అక్కడే ఉండనిచ్చెను.

"వచ్చే వారం నా వంతు," అనెను మేస్త్రీ. "నువ్వే పెట్టు. ఈసారి ఇద్దరూ కలిసేది పెట్టు. ఏడిపించేవి వద్దు. ఉందా అలాంటిది?"

"పదకొండు ఉన్నాయి."

అయినచో పేర్లన్నియు పంపుమని అక్క ఆజ్ఞాపించెను. బుధవారమువఱకు ఆగనక్కరలేదని మెకానిక్కు మెత్తబడి చెప్పెను. సోడాబుడ్డి అక్కడే, ఆ సోఫాపైననే, ఫోను ముక్కునకు ఆనించుకొని పదునొకండు పేర్లు కొట్టెను. శాసనము ప్రకారము ప్రతి పేరునకును ఒక్క వాక్యము వ్రాయవలెను గదా. వంతెనలు, నదులు, రంగులు ఏవియు అడ్డు పెట్టక, పదునొకండు మార్లును 'ఇద్దరు మగాళ్ళ ప్రేమకథ' అని వ్రాసి పంపెను. తక్కిన మూడు ఫోనులును ఒక్కసారిగా మ్రోగెను. ముగ్గురును ప్రక్కప్రక్కనే కూర్చుండియు ఎవరి ఫోను వారు తీసి చదివిరి.

"ఇలా అన్నిటికీ ఒకటే రాస్తే ఏది ఏదో ఎలా తెలుస్తుంది?" అని మేస్త్రీ సణిగెను.

జయము! జయము! రాజ్యములు రాలేదు, కిరీటములు రాలేదు, పొట్టివాడు ఈనాటికిని స్టేషనుకు రాలేదు. కాని, ఓ శ్రోతలారా, రెండు గంటల పన్నెండు నిమిషముల చిత్రరాజమును ఒక్క నిమిషమైనను ముందుకు జరుపనీయక చూపించి, ఆ మండలి ఏడేండ్ల చరిత్రలో ఎవ్వరికిని దక్కని రీతిగా, వరుసగా రెండు ఆదివారముల వంతును ఏలిన మహావీరుడు సోడాబుడ్డి. ఈ గాథను శ్రద్ధగా విన్నవారికి రిమోటు చేజిక్కుగాక. చెప్పవలసిన మాట ఒకటి కడుపులో మిగిలియున్నవారికి, ఎదురుగా కుర్చీ తిప్పుకొని కూర్చుండు మనుష్యుడొక్కడైన దొరకుగాక.