నాలుగు పెట్టెలకు ఒకటే పేరు

ఆ ఉదయం ఆమె వేసుకున్న పథకం చాలా చిన్నది. పదకొండు గంటలకు కిటికీ పక్క కుర్చీలో కూర్చోవాలి. వెనకాల కొత్త పసుపు కర్టెన్ కనిపించేలా ట్యాబ్‌ను నిలబెట్టాలి. నవ్వుముఖంతో ఇంటర్వ్యూ ఇవ్వాలి. నెట్ కనెక్షన్లు ఇచ్చే కంపెనీలో, నెట్ రావడం లేదని ఫోన్ చేసేవాళ్లకు సలహా చెప్పే ఉద్యోగం అది. చదువయ్యాక ఇలాంటివి రెండు చేతిదాకా వచ్చి జారిపోయాయి. ఇదీ జారితే ఇప్పట్లో మళ్లీ ఖాళీలుండవని కంపెనీవాళ్లు ముందే చెప్పారు. అయినా ఆమె హుషారుగానే ఉంది. ఒకే కొక్కేనికి వేలాడే రెండు తువ్వాళ్లను చూసినా ముచ్చటపడిపోయే కొత్త కాపురం మరి.

భర్తను ఇంట్లో అందరూ ‘సులువు’ అంటారు. ఏ పని చూసినా “ఇదెంత, సులువు చేసేస్తా” అనడం అతనికి చిన్నప్పటి నుంచీ అలవాటు. ఒకప్పుడు వంటింటి అలమర చూడముచ్చటగా ఉండాలని ఉప్పునూ పంచదారనూ ఒకే రకం డబ్బాల్లో పోశాడట. ఆ రోజు టీ తాగి వెళ్లిన చుట్టాల కబుర్లు అత్తగారు ఇప్పటికీ ఎత్తరు.

అలాంటి మనిషి ముందు ఆమె నిన్న సాయంత్రం నోరు జారింది. ఆ మూడంతస్తుల ఇంట్లో కింద అత్తగారు, మధ్యలో వీళ్లు, పైన అద్దెకుంటున్న లెక్కల మాస్టారు. మూడు వాటాల్లో మూడు వైఫై పెట్టెలు. సులువు ఫోన్‌లోని హాట్‌స్పాట్ నాలుగోది. ట్యాబ్ పట్టుకుని ఇల్లు కదిలితే చాలు, దేనికి కలపమంటావు, పాస్‌వర్డ్ ఏమిటి అని అది ప్రాణం తీస్తుంది. పెళ్లిచూపుల్లో కూడా నన్నిన్ని ప్రశ్నలు అడగలేదని ఆమె విసుక్కుంది.

సులువు కళ్లు మెరిశాయి. కిందికీ పైకీ నాలుగుసార్లు తిరిగి, నాలుగింటికీ ‘మా ఇల్లు’ అని ఒకటే పేరూ, ఒకటే పాస్‌వర్డూ పెట్టేశాడు. ఇక ట్యాబ్ ఎక్కడికి వెళ్లినా నోరెత్తదన్నాడు. నిజంగానే ఎత్తలేదు. పాస్‌వర్డ్ ఏమిటని అడగాలని కూడా ఆమెకు తోచలేదు. అతని చెవి పట్టుకుని ఊపుతూ మా ఆయన బంగారమంది. తెల్లారేసరికి ఆ మాట వెనక్కి తీసుకోవాల్సి వస్తుందని అప్పుడేం తెలుసు?

పదిన్నరకు కుర్చీలో కూర్చుని చూస్తే, ట్యాబ్ మీద సిగ్నల్ గీతలు నిండుగా ఉన్నాయి. ‘మా ఇల్లు’ అని ముద్దుగా రాసి ఉంది. నెట్ మాత్రం చుక్క లేదు. ఆపి మళ్లీ వెలిగించింది. అదే నిండు సిగ్నల్, అదే ఎండు నెట్. అంతలో మెట్ల మీద నుంచి మాస్టారి గొంతు వినపడింది.

“అమ్మాయ్, పొద్దున్నించీ పైన మా లైనుకేదో అయింది, నెట్ రావట్లేదు. గువ్వపిట్ట అని తప్పు లేకుండానే కొట్టానమ్మా.”

గువ్వపిట్ట అనేది ఈ లోకంలో ఒకే ఒక్క మనిషి, అదీ గది తలుపు మూసి ఉన్నప్పుడు, ఆమెను పిలిచే పేరు.

“ఏమండీ” అని పిలిచింది. ఆ పిలుపులో ఏముందో గాని, సులువు సగం గడ్డానికి సబ్బు నురగతోనే పరుగెత్తుకొచ్చాడు.

“మాస్టారికి ఏం పాస్‌వర్డ్ ఇచ్చారు?”

“అందరికీ తేలిగ్గా గుర్తుండేదే పెట్టా. అమ్మకి కూడా తెగ నచ్చింది.”

“అత్తయ్యకి కూడా చెప్పారా?”

“చెప్పకపోతే నెట్ ఎలా వస్తుందే?”

అరికాలి మంట నెత్తికెక్కింది. కానీ గడియారం ముల్లు పదకొండు వైపు నడుస్తోంది. ఉన్న కోపమంతా మడతపెట్టి పక్కన పెట్టి, ముందు నెట్ సంగతి చూడమంది. సులువు ట్యాబ్‌ను అటూ ఇటూ తిప్పి, కింద అమ్మ పెట్టె దీన్ని లాగేస్తోందని తేల్చాడు. మెట్ల దగ్గరికి వెళ్లి, కాసేపు దాన్ని ఆపెయ్యమని తల్లికి కేకేశాడు.

అత్తగారు దేన్నయినా మొదట్లోనే తెంపే మనిషి. ఏ తీగ ఏ పెట్టెదో వెతుక్కునే ఓపిక లేక ఇంటి మొత్తానికీ ఉన్న మెయిన్ ఆపేశారు. ఫ్యాన్ నిలిచింది. ఫ్రిజ్ మూలిగి ఊరుకుంది. వీళ్ల పెట్టె కూడా కళ్లు మూసింది. కొండ నాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడిందంటే ఇదే. ఆవిడ ఆయాసపడుతూ పైకొచ్చి, “ఆగిందా?” అని అడిగారు.

“అన్నీ ఆగాయత్తయ్యా” అంది కోడలు, పళ్ల బిగువున.

ఇక మిగిలింది సులువు ఫోన్‌లో హాట్‌స్పాట్ ఒక్కటే. అతను ఫోన్ పట్టుకుని బల్ల కింద గొంతుక్కూర్చున్నాడు. నెట్ వచ్చింది. తెర మీద మేనేజరుగారు కనపడ్డారు. కళ్లజోడు, బిగించిన పెదాలు, నవ్వుకు చోటులేని ముఖం. మొదటి ప్రశ్నకు జవాబు బాగా కుదిరింది. రెండోదానికి ఆవిడ తల కూడా ఊపారు. ఆమెకు ధైర్యం చిక్కుతుండగా మళ్లీ కిందికి దిగిపోయిన అత్తగారు అక్కణ్నుంచే ఇంక మెయిన్ వేసెయ్యనా అని అడిగారు, జవాబు రాకుండానే వేసేశారు.

మూడు పెట్టెలూ ఒక్కసారి కళ్లు తెరిచాయి. తెలిసిన పేరు నాలుగు వైపుల నుంచీ వినపడేసరికి ట్యాబ్ ఎటు పోవాలో తెలియక బిక్కచచ్చిపోయింది. మేనేజరుగారు నోరు సగం తెరిచి, బొమ్మలా ఆగిపోయారు.

ఉద్యోగం పోయింది. మడతపెట్టిన కోపమంతా విప్పుకుంది.

“బయటికి రండి. ఏం చేశారో తెలుసా మీరు? వీధిలో నలుగురికీ ఒకే పేరు పెట్టి కేకేస్తే ఎవడొస్తాడు? దగ్గరున్నవాడొస్తాడు. వాడి చేతిలో ఏమన్నా ఉందో లేదో ట్యాబ్‌కేం తెలుసు? మాస్టారి పెట్టెలో నెట్ చచ్చింది, సిగ్నల్ బతికుంది. నేను కూర్చున్నది సరిగ్గా దాని కింద. పొద్దుట్నుంచీ దాన్నే పట్టుకు వేలాడింది. పాపం, అత్తయ్య పెట్టెదేం తప్పు లేదు. ఎవరి పేరు వాళ్లకుంచి, మనదొక్కటే దీనికి నేర్పి, మిగతావి మర్చిపొమ్మంటే సరిపోయేది. సులువంటే అదీ. పైగా గువ్వపిట్టట. ఇంకెవరికి చెప్పలేదు? పాలవాడికి చెప్పారా?”

సులువు బల్ల కింది నుంచి పాక్కుంటూ బయటికొచ్చాడు. ఆమె ట్యాబ్‌ను బోర్లా పడెయ్యబోయింది. అందులోంచి గొంతు వచ్చింది.

“అంతా వినపడిందమ్మా.”

బొమ్మ ఆగింది గాని మాట ఆగలేదన్నమాట. అంతలో తెర కూడా కదిలింది. మేనేజరుగారు కళ్లజోడు సర్దుకున్నారు.

“ఫోన్ చేసినవాళ్ల మీద కూడా ఇలాగే అరుస్తారా?”

“లేదండీ” అంది ఆమె, పోయిన ఉద్యోగానికి ఇంక భయమేమిటని. “వాళ్లను నేను పెళ్లి చేసుకోలేదు కదండీ.”

మేనేజరుగారు లేచి తన గది తలుపు వేసి వచ్చి, తెరకు దగ్గరగా వంగి, గొంతు తగ్గించారు.

“మొన్న మావారు కూడా ఇంట్లో అన్నిటికీ ఒకటే పేరు పెట్టారు. అప్పట్నుంచీ నరకం. ఇంత పెద్ద కంపెనీలో ఉండి ఎవర్ని అడగను చెప్పండి? ఆ మర్చిపొమ్మనడం ఎక్కడుంటుందో కాస్త నెమ్మదిగా చెప్తారా?”

ఆమె నెమ్మదిగా చెప్పింది. ఎక్కడ నొక్కాలో, తర్వాత ఏం అడుగుతుందో, భయపడకుండా దేనికి అవుననాలో చెప్పింది. మధ్యలో ఒక్కసారి కూడా గొంతు పెంచలేదు. సబ్బు ఎండిపోయిన చెంపతో సులువు పక్కనే నిలబడి బుద్ధిగా విన్నాడు. సోమవారం నుంచి వచ్చేయమని చెప్పి మేనేజరుగారు సెలవు తీసుకున్నారు.

సాయంత్రానికి ఆమె ఎవరి పెట్టెకు వాళ్ల పేరు తిరిగి పెట్టేసింది. పాస్‌వర్డ్ మార్చబోతే మాత్రం, ఇప్పుడిప్పుడే నోటికి పట్టింది, ఉండనివ్వమని అత్తగారు పట్టుబట్టారు. మాస్టారు కూడా అదే మాట అన్నారు.

సోమవారం ఆఫీసులో ఆమెకిచ్చిన కొత్త ట్యాబ్‌కు మేనేజరుగారే స్వయంగా పాస్‌వర్డ్ పెట్టి ఉంచారు. అదేమిటని ఆమె ఎవరినీ అడగాల్సిన పని పడలేదు.