మూడో గంటకు ఊహించని సంఘటన

ఒక పెద్ద అడవిలో బడులను చూసుకోవడానికి ఒక శాఖ ఉండేది. తరగతిలో అనుకోనిది జరిగితే కొత్త టీచర్లు బెంబేలెత్తుతున్నారని ఆ శాఖ కనిపెట్టింది. వెంటనే సర్క్యులర్ పంపింది: ప్రతి పాఠంలోనూ ఒక ఊహించని సంఘటన జరగాలి. అదేమిటో వారం ముందే రాసి అనుమతి పొందాలి.

వాగుగట్టు బడిలో గోరింక కొత్త టీచరు. తనిఖీలో నెగ్గితేనే ఉద్యోగం ఖాయం. అందుకే పొందిగ్గా రాసి పంపింది: "మూడో గంటకు కోతిపిల్ల కొమ్మ మీంచి పడును. పిల్లలు చప్పట్లు కొట్టుదురు. టీచరు చిరునవ్వు నవ్వును."

అయిదు రోజులు రిహార్సల్ చేశారు.

"నడుం పట్టేసింది టీచర్. ఇవాళ ఊరికే దిగిపోనా?" అంది కోతిపిల్ల.

"తనిఖీ అయ్యేదాకా ఓర్చుకో నాన్నా."

తనిఖీ నాడు కొంగ అధికారి ఫైలు పట్టుకుని ఒంటికాలి మీద నిలబడ్డాడు. కోతిపిల్ల కొమ్మ మీద సిద్ధంగా ఉంది. వడ్రంగిపిట్ట మాను మీద టకటకమని రెండో గంట కొట్టిందో లేదో, పొదలోంచి అడవిపిల్లి బయటికొచ్చింది.

పిల్లలు చప్పట్లు కొట్టారు.

గోరింక ముక్కున ఉన్న లెసన్ ప్లాన్ జారిపోయింది. "చప్పట్లాపండర్రా! ఎక్కేవాళ్ళు చెట్టెక్కండి, దూరేవాళ్ళు బొరియల్లో దూరండి!"

"ఏమిటమ్మా ఈ గోల?" అన్నాడు కొంగ, ఫైల్లోంచి తలెత్తకుండానే. "మూడో గంట ఇంకా కానేలేదు."

పిల్లి ఆయన తోక పట్టుకుంది. కొంగ నాలుగు ఈకలు దాని నోట్లో వదిలేసి చెట్టెక్కాడు. గోరింక పిల్లల్ని లెక్కపెట్టుకుంది. పన్నెండు తలలూ ఉన్నాయి. పిల్లి చెట్టు కిందే కాపు కాసింది.

వడ్రంగిపిట్టకు డ్యూటీ డ్యూటీయే. వేళకు మూడో గంట కొట్టింది.

చెప్పిన మాట వినే పిల్ల కదా, కోతిపిల్ల కళ్ళు మూసుకుని కొమ్మ వదిలేసింది. సరిగ్గా పిల్లి వీపు మీద పడింది. ఆ సర్క్యులర్ అందని జీవి అక్కడ పిల్లి ఒక్కటే. హడలిపోయి వాగు దాటేసింది.

కొంగ మిగిలిన ఈకతో అక్కడే నివేదిక రాశాడు: "పథకం దిగ్విజయం. అయితే ఊహించని సంఘటనకు ముందే టీచరు కంగారుపడ్డారు. ఉద్యోగం ఖాయం చేయడం మరో ఏడాది వాయిదా."

"పిల్లలు బతికారు కదండీ!" అంది గోరింక.

"అది ప్లాన్‌లో లేదమ్మా."

మరుసటి వారం ఇంకో సర్క్యులర్ వచ్చింది: ప్రతి బడికీ ఒక పిల్లి మంజూరు.

నీతి: ప్రమాదం ఎప్పుడైనా రావచ్చు, ఎదుర్కోవడానికి మాత్రం గంట కొట్టేదాకా ఆగాలి.