నాలుగో అల హద్దు దాటిన రోజు

ఆ ఉదయం ఇంట్లో అనుకున్న పనులు మూడే. కొడుకు ఇంటర్వ్యూకి వెళ్ళాలి. తండ్రి డాక్టరు దగ్గరికి వెళ్ళాలి. తల్లి కంగారుపడకుండా ఉండాలి. మొదటి రెండూ జరిగే పనులే. ఇరుగుపొరుగు తనను వెనకాల కంగారమ్మ అంటారని ఆమెకు తెలుసు. తక్కువ చేసి చెబుతున్నారని ఆమె అభిప్రాయం.

కొడుకుది షేర్ల ధరల గీతలో అలలు లెక్కపెట్టే విద్య. ధర ఐదు అలలుగా ఎక్కుతుందట, మూడు అలలుగా దిగుతుందట. రెండేళ్ళుగా ఉద్యోగం లేనివాడు ఈ ఇంటర్వ్యూ కోసం నెల రోజులు గోడకి పాఠం చెప్పాడు. గోడకి వచ్చిందో లేదో కానీ, ఏడో తరగతితో చదువాపిన తల్లికి వంటింట్లోంచే నియమాలు నోటికొచ్చేశాయి. రెండో అల మొదటిది పుట్టిన చోటికంటే కిందికి పోకూడదు. ఆ ఐదింట్లో పైకెక్కేవి మూడు, వాటిలో మధ్యది అన్నిటికంటే పొట్టిది కాకూడదు. నాలుగోది మొదటిదాని హద్దులోకి రాకూడదు. 'తోడికోడళ్ళకి పెట్టాల్సిన నియమాలు' అనుకుందామె.

ఎనిమిదిన్నరకు బల్ల మీద గ్రాఫు కాగితం కనబడింది. కళ్ళజోడు వెతికే తీరిక లేక వేలితోనే అలలు లెక్కపెట్టింది. నాలుగోది దర్జాగా మొదటిదాని హద్దులో కూర్చుంది! పరుగున వెళ్ళి స్నానాలగది తలుపు బాదింది.

"ఒరేయ్! నాలుగోది మొదటిదాని హద్దులోకొస్తే ఏం చెయ్యాలిరా?"

"కళ్ళలో సబ్బు పడిందమ్మా! చెరిపేసి మళ్ళీ పెట్టుకోవాలి!"

వాడు చెప్పింది అలల మీద వేసే అంకెల గురించి. ఆమె చెరిపింది అలని.

నాలుగోదాన్ని పైకెత్తితే మూడోదాని నెత్తికి తగిలింది. మూడోదాన్ని సాగదీస్తే ఐదోది మరుగుజ్జయింది. ఐదోదాన్ని లాగితే కాగితం అయిపోయింది. జిగురు పెట్టి ఇంకో ముక్క అతికించింది. పెరట్లో చేతులు కడుక్కుని వచ్చేసరికి తండ్రీకొడుకులిద్దరూ వెళ్ళిపోయారు, కాగితం కూడా లేదు. వాడి ఉద్యోగం నిలబెట్టానని ఆమె కాస్త గర్వపడింది కూడా.

పదిన్నరకు నర్సు ఫోన్ చేసింది. "అమ్మా, మీ ఆయన రోజూ రాసుకునే బీపీ గీత చూశారా? నిన్నటికి మూడొందలు దాటింది! డాక్టరుగారు మంచం దిగనివ్వట్లేదు. ఈయనేమో ఆ కొస నేను గియ్యలేదంటున్నారు. మతి కూడా తప్పినట్టుంది, త్వరగా రండి."

"అయ్యో, నా దగ్గర దాచారా!" అని ఆమె కొడుక్కి ఎనిమిదిసార్లు ఫోన్ చేసింది. వాడు ఎత్తగానే "నాన్న..." అని ఘొల్లుమంది. ఇంటర్వ్యూ మధ్యలో ఉన్నవాడు ఉన్నట్టే లేచి పరిగెత్తుకొచ్చాడు.

ఆసుపత్రిలో వాడు ఆ కాగితాన్ని పైకెత్తి పట్టుకున్నాడు. బీపీకి అంత పద్ధతైన అలలు వాడు పుస్తకాల్లోనూ చూడలేదు. తర్వాత జిగురు చూశాడు.

"అమ్మా... నా చార్టు పొద్దుట్నుంచీ నా సంచిలోనే ఉంది."

"నీ ఉద్యోగం పోతుందేమోనని చేశాన్రా," అందామె.

"ఇప్పుడు పోయిందిలే."

"ఇక నేను లేవచ్చా?" అని మంచం మీంచి తండ్రి అడిగాడు.

'లంక మేతకి, ఏటి ఈతకి సరిపోయినట్టుంది నా తెలివి, చివరికి మిగిలింది సున్నా' అని ఆమె తనను తాను తిట్టుకుంటుండగా కొడుకు ఫోన్ మోగింది. ఇంటర్వ్యూ చేసిన పెద్దమనిషే.

"మిగతా పదిమందీ గంటలో మార్కెట్ పెరుగుతుందన్నారండీ. దబ్బున పడింది. తప్పు చెప్పనివారు మీరొక్కరే. సోమవారం వచ్చి చేరండి."

కొడుకు ఫోన్‌కి చెయ్యి అడ్డంపెట్టి గొణిగాడు. "నేనూ పెరుగుతుందనే చెప్పబోయానమ్మా. అప్పుడే నీ ఫోన్ వచ్చింది."

సోమవారం వాడు గడప దాటుతుంటే తల్లి భయంభయంగా అడిగింది. "ఇవాళ ఎన్నింటికి ఫోన్ చెయ్యమంటావురా?"

వాడు కాసేపు ఆలోచించి, టైము చెప్పాడు.