వంటింటి తువ్వాలు మీద మందపాటి గీత

"అక్కా, ఈ లోకంలో నేరస్థులు రెండే రకాలు. నాకు దొరికినవాళ్లు, దొరకబోయేవాళ్లు!"

మా బావమరిది ఈ మాట అన్నప్పుడు చేతిలో భూతద్దం ఉంది, మూతికి పాలమీగడ అంటుకుని ఉంది. అందరూ వాణ్ణి భూతద్దం అనే పిలుస్తారు. వాడు దాన్ని బిరుదనుకుంటాడు.

జరిగిన ఘోరం ఏమిటంటే, మా ఆవిడ మగ్గం మీద నేస్తున్న వంటింటి తువ్వాలులో నిలువునా ఓ మందపాటి గీత పడింది. సాయంత్రం హోటల్ మేనేజరు నమూనా చూడ్డానికి వస్తున్నాడు. నచ్చితే ఏడాది పొడుగునా ఆవిడకి పని. గీత కనబడిందా, ఆర్డరు మిల్లుకి పోతుంది.

"తప్పుకోరా, పన్నె చూస్తాను," అంది మా ఆవిడ. పన్నె అంటే నిలువుగా సాగే పడుగు దారాల్ని విడివిడిగా నిలబెట్టే దువ్వెనలాంటిది.

"ఆగు! ఇది నేరస్థలం. ఎవరూ ముట్టుకోకూడదు!" అంటూ వాడు మగ్గం చుట్టూ బట్టలారేసే తాడు కట్టేశాడు. "ఇది గీత కాదక్కా, హెచ్చరిక. నీ చుట్టూ ఎవరో పన్నిన విషవలయం!"

తర్వాత నా మీద పడ్డాడు.

"బావగారూ, నిన్న మధ్యాహ్నం ఎక్కడున్నారు?"

"నీ పక్కన కూర్చుని అన్నం తింటున్నాను."

"సాక్షి?"

"నువ్వే."

"నన్ను ఇందులోకి లాగకండి!"

పొద్దు వాలుతోంది. మా ఆవిడ కళ్లలో నీళ్లు తిరిగాయి. నాకు ఒళ్లు మండింది. తాడు విప్పబోతే, సాక్ష్యాలు తారుమారు చేస్తున్నానని నన్నే అనుమానితుల్లో మొదటివాణ్ణి చేశాడు.

"హంతకుడు..."

"ఎవరూ చావలేదురా."

"...కిటికీలోంచి ఇలా దూకాడు!"

దూకి చూపించాడు. కాలికి తాడు తగిలింది. వెళ్లి మగ్గం మీద బోర్లా పడ్డాడు. పడుగు దారాలు నాలుగు టప్పున తెగాయి.

మా ఆవిడ వాణ్ణి చెవి పట్టుకుని లేపి, తెగిన దారాలు ముడేయడానికి వంగింది. వంగినావిడ అలాగే ఉండిపోయింది. పన్నెలో ఒక్క దారం ఉండాల్సిన సందులో రెండున్నాయి. పక్క సందు ఖాళీ.

"ఒరేయ్, ఈ వైపు దారాలు ఎక్కించింది ఎవర్రా?"

వాడు భూతద్దం మెల్లగా జేబులో పెట్టుకున్నాడు.

"నేనే... నీకు సాయంగా ఉంటుందని..."

తిట్టడానికి కూడా తీరిక లేదావిడకి. దారం సరైన సందులోకి మార్చి, తెగినవి ముడేసి, ఊపిరి తిప్పుకోకుండా కొత్త తువ్వాలు నేసింది. మేనేజరు వచ్చేసరికి గీత లేని తువ్వాలు సిద్ధం. ఆయన వెలుతురుకి పట్టి అటూ ఇటూ చూసి, ఆర్డరు ఖాయం చేశాడు.

అంతే, మావాడు ఛాతీ విరుచుకుని ముందుకొచ్చాడు.

"ఈ కేసులో నేరస్థుణ్ణి పట్టుకుంది నేనే సార్!"

"నిజమేనండీ," అంది మా ఆవిడ. "పొద్దుట్నుంచీ ఆ నేరస్థుణ్ణి మా తమ్ముడు ఒక్క క్షణం కూడా వదల్లేదు."

గీత పడ్డ తువ్వాలు వాడి భుజాన వేసి, సింకు నిండా ఉన్న గిన్నెల్ని చూపించింది.